చెప్పే ఆట

హాలు వెనక గది
సోమవారం, పొద్దున

మరిదికి వదిన రాయించే ఉత్తరం.

నీ మోకాళ్ల నొప్పి సంగతి చివర్లో అడుగుతాను. ముందు నా గొడవ విను. రాస్తున్నది మా పక్కవాటా టీచరమ్మ. నేను అన్నది అన్నట్టు రాయాలి తప్ప తన చదువంతా తెచ్చి నా మాటలకి పూయకూడదని ముందే మాట తీసుకున్నాను. నాకు అక్షరం రాదన్న సంగతి ఈ వీధిలో కుక్కపిల్లకి కూడా తెలుసు. అక్షరం రానిదానికి నోరు కూడా రాదనుకుంటున్నారు కొందరు. ఇది వాళ్ల సంగతే.

నువ్వు సినిమా మిషను వదిలి కూతురి దగ్గరికి వెళ్లి తొమ్మిదేళ్లయింది. ఇక్కడి సంగతులు ముక్కలుముక్కలుగా చెబుతూనే ఉన్నాను కానీ, రేపు సాక్ష్యం చెప్పాల్సినవాడివి కనక మొదటి నుంచీ చెబుతాను, విసుక్కోకు. ఓనరు పోయాక హాలు కూలగొట్టి కొట్లు కట్టకుండా వీధివాళ్లంతా సంఘం పెట్టుకుని నడుపుతున్నారు. నూట ఇరవై కుర్చీలు. మామూలు రోజుల్లో సాయంత్రం ఒకటే ఆట. ఆదివారాలు మాత్రం ప్రత్యేకం. ఒక ఆదివారం చంటిపిల్లల తల్లులకి, లైట్లు సగం వేసి ఉంచి, ఏడ్చే పిల్లల్ని ఏడవనిచ్చి. ఇంకో ఆదివారం ముసలివాళ్లకి, రెండు ఇంటర్వెళ్లతో. నెలాఖరు ఆదివారం కళ్లు లేనివాళ్లకి. దాన్నే మేం చెప్పే ఆట అంటాం. తెరమీద మాటలు వాళ్లకి ఎలాగూ వినపడతాయి. మాటల మధ్య జరిగేది నేను మైకులో చెబుతాను. ఎవరు తలుపు తీశారు, ఎవరి మొహం వాడింది, ఎవరి చేతిలో ఏముంది.

అది చదువుకున్నవాళ్ల బుర్రలో పుట్టింది కాదు, నా నోట్లో పుట్టింది. సున్నం పడి కళ్లు పోయిన మేస్త్రీ ఒకడున్నాడు. నువ్వు వెళ్లాక ఈ వీధికి వచ్చాడు. పెళ్లాం పక్కన కూర్చుని చెవిలో చెబుతుంటే సినిమా వినేవాడు. ఆవిడ పోయాక ఒంటరిగా వచ్చి, టికెట్టు తీసుకుని కూడా లోపలికి పోకుండా గేటు దగ్గరే నిలబడి వినేవాడు. లోపల కూర్చుంటే పక్క కుర్చీ ఖాళీ అని తెలుస్తుందట. నేనే రెక్క పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టి చెప్పాను. తర్వాత ఇద్దరొచ్చారు, తర్వాత ఆరుగురు. ఇప్పుడు పద్నాలుగు మంది. ఆరేళ్లలో ఒక్క నెల మానలేదు. జ్వరమొచ్చినా మానలేదు.

పోయిన నెలాఖరుకి పడవ సినిమా వేశారు. నలభై ఏళ్ల కిందట మన హాల్లో యాభై రోజులు ఆడింది, నువ్వే ఆడించావు. నేనే పట్టుబట్టి వేయించాను. దాని చివర నీకు చెప్పాలా? ఇంట్లో నిలవలేక ఆవిడ తెల్లారకుండానే పడవెక్కుతుంది. పడవ మంచులోకి పోతుంది. అవతలి ఒడ్డుకి తగులుతుంది. దిగి, తడి ఇసకలో నాలుగు అడుగులు వేసి, ఒకసారి వెనక్కి చూసి, నడిచి వెళ్లిపోతుంది. నేను అదే చెప్పాను. మేస్త్రీ కోడలు ఒక నర్సు, ఆ రోజే మొదటిసారి మామగారి వెంట వచ్చింది. ఆట అయ్యీ అవకముందే లేచి నిలబడింది. తెరమీద ఆవిడ నీళ్లలో మునిగి చచ్చిపోయిందట, నేను ఒడ్డు చేర్చానట. కళ్లు లేనివాళ్లని మోసం చేస్తున్నానని కాగితం మీద రాసి సంఘానికి ఇచ్చింది.

చూపున్నవాళ్లు మరో నలుగురు కూడా తెరమీద చావే చూశామంటున్నారు. ఆ నిమిషంలో నేను తెర చూడలేదు, మేస్త్రీ మొహం చూస్తున్నాను. కంఠతా వచ్చిన సినిమాకి తెర ఎందుకు? నేననేది ఏమిటంటే, ఈ కొత్త కాపీలో ఎవరో చివర మార్చారు. ఇక్కడ టీచరమ్మ కలం ఆగింది. రాయమ్మా, నీ అనుమానాలు తర్వాత.

సంఘం ప్రెసిడెంటు, మందుల షాపాయన, రెండు నెలల గడువిచ్చాడు. ఈలోగా సమాధానం చెప్పుకోలేకపోతే మైకు ఇచ్చేయాలట. గది జోలికి రారు, ఇంకో దాని జోలికి రారు, మైకు ఒక్కటే. ఆ ఒక్కటే నాకున్నది మరిదీ. అది పోతే నేను ఈ హాలు వెనక కూర్చుని ఊపిరి పీల్చే మూట. కనక నువ్వు ఒక కాగితం మీద, పడవ సినిమా చివర ఒడ్డు ఉంది, నా చేత్తో ఆడించాను అని రాసి, సంతకం పెట్టి, సంఘానికి పంపు. నూటయాభై ఆటలు ఆడించినవాడి మాట కాదనే మొనగాడు ఇక్కడ లేడు.

మోకాళ్లు ఎలా ఉన్నాయి?

మీ వదిన, వేలిముద్ర


కూతురి ఇల్లు, రెండో అంతస్తు
శుక్రవారం

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. మోకాళ్లు అలాగే ఉన్నాయి. మెట్లు దిగడం మానేశాను. బాల్కనీలో కూర్చుంటే ఎదురింటి గోడ కనిపిస్తుంది. తెల్లగా, వెడల్పుగా, కిటికీ ఒక్కటి కూడా లేకుండా ఉంటుంది. సాయంత్రం దానిమీద వెలుతురు పడితే, ఇంకా రీలు ఎక్కించలేదేమిటా అని చేతులు కదులుతాయి. అమ్మాయి చూసి నవ్వుతుంది.

నీ గొడవ చదివి మనసు బాగోలేదు. పడవ సినిమా చివర నాకు సరిగా జ్ఞాపకం లేదు. నలభై ఏళ్లలో నా చేతిమీదుగా ఎన్ని సినిమా పెట్టెలు వచ్చి పోయాయో నీకు తెలుసు. అన్నీ కలిసిపోయాయి. కాపీకీ కాపీకీ తేడా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తెలియని దానికి సంతకం పెట్టడం పద్ధతి కాదేమో.

నా మాట విను. నీకు డెబ్బై రెండు దాటాయి. ముప్ఫై ఏళ్లు గేటు దగ్గర నిలబడ్డావు, ఆరేళ్లు మైకు దగ్గర కూర్చున్నావు. ఆ మైకు వాళ్లకే ఇచ్చేయి. ఆ సినిమా ఊసు ఎత్తకు. అది మళ్లీ వేస్తారేమో, వేసినా నువ్వు హాల్లోకి వెళ్లకు. ఆ పూట టీచరమ్మ గారింట్లో కూర్చో.

ఇట్లు
నీ మరిది


హాలు వెనక గది
మొదటి వాన పడిన మర్నాడు

మరిదికి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి నువ్వు రాసిందేనా అని అనుమానమొచ్చింది, రెండోసారి సందేహం తీరింది. నీళ్లు నమలడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

నీకు జ్ఞాపకం లేదా? ఏ సినిమా ఏ రీల్లో ఎన్ని అతుకులున్నాయో అన్నం తింటూ లెక్క చెప్పేవాడివి. మీ అన్నయ్య పెళ్లినాటి సంగతులు మర్చిపోయినా, మా పెళ్లి రోజు హాల్లో ఏ సినిమా ఆడిందో నువ్వు మర్చిపోలేదు. అలాంటివాడికి యాభై రోజుల సినిమా కలిసిపోయిందట. ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నావు?

సంఘం మీటింగు జరిగింది. టికెట్ల గదిలో ఐదు కుర్చీలు వేశారు. నన్ను కూర్చోమన్నారు, నేను కూర్చోలేదు. నర్సు నెమ్మదిగానే మాట్లాడింది. నెమ్మదిగా మాట్లాడేవాళ్లంటే నాకు భయం, వాళ్లు సిద్ధమై వస్తారు. మామగారు ఇంటికి వచ్చాక రెండు రోజులపాటు ఆ ఒడ్డు గురించే మాట్లాడాడట. ఇసక ఎలా ఉంటుంది, ఆవిడ ఎటు నడిచి ఉంటుంది అని.

నేను అడిగాను, "ఏడుస్తూ మాట్లాడాడా, సంతోషంగానా?"

"సంతోషంగానే, మామ్మా. అదే నాకు బాధ. కళ్లు లేనివాళ్లకి మనం చెప్పిందే చూపు. లేనిది చూపిస్తే, అది వాళ్ల దగ్గర ఉన్న ఒక్కదాన్నీ లాక్కోవడమే."

అది విని, వద్దన్న కుర్చీలోనే కూర్చున్నాను. నా జన్మలో అలా జరగలేదు. ప్రెసిడెంటు గోడమీద పిల్లిలా అటూ ఇటూ మాట్లాడి తేల్చాడు. వచ్చే నెల కాక పైనెల పడవ సినిమానే మళ్లీ వేస్తారట. నా సాక్ష్యం అప్పటికి వస్తే నేను చెబుతాను, రాకపోతే నర్సు చెబుతుంది. మేస్త్రీ పాపం నా పక్షమే. కోడలి ముందు నోరు మెదపడు కానీ, పోయేటప్పుడు నా చేయి నొక్కాడు.

ఇప్పుడు అసలు మాట. టీచరమ్మ కొత్తగా వచ్చింది కనక ఆమెకి తెలియదు, నీకు తెలుసు. ఆ సినిమా నా పాప పోయిన ఏడే వచ్చింది. మ్యాట్నీకి నేను గేటు దగ్గర టికెట్లు చింపుతున్నాను. ఏడేళ్ల పిల్ల తోటిపిల్లలతో రేవుకి వెళ్లింది. ఆ పిల్లలు వచ్చి చెప్పేసరికి ఇంటర్వెల్ బెల్లు కొడుతున్నారు. నాలుగు రోజులు వెతికారు. దొరకలేదు. మూడు వారాల తర్వాత పడవ సినిమా వచ్చింది. నన్ను ఇంట్లో ఉండమన్నారు, నేను ఉండలేదు. గేటు దగ్గర నిలబడి ఆటకి ఆట చివర చూశాను. ఆ పడవ మంచులోకి పోయి అవతల తేలింది. అది చూశాకే నేను ముద్ద ముట్టాను. ఎవరూ దొరకలేదంటే అవతల ఉన్నారని అర్థం కావచ్చు కదా అనుకున్నాను. పిచ్చిదాన్ని కాదు, నమ్మలేదు. ఊరికే అనుకున్నాను. అనుకుంటూ నలభై ఏళ్లు బతికాను.

టీచరమ్మ ముక్కు చీదుకుంటోంది. ఆమెకి కూడా నేను పని కల్పిస్తున్నాను.

కనక నాకు జ్ఞాపకం లేదు అన్న మాట నా దగ్గర వాడకు. కాగితం పంపు.

వేలిముద్ర


కూతురి ఇల్లు
వాన తెరపి లేని రోజు

వదినా,

నాలుగు కాగితాలు చింపాక ఇది ఐదోది. రాయకుండా చచ్చిపోవాలనుకున్నాను. నువ్వు సాగనివ్వలేదు.

నాకు అంతా జ్ఞాపకముంది. పెట్టె బుధవారం వచ్చింది. కొత్త సినిమా వస్తే ముందు రీళ్లన్నీ చేత్తో తిప్పి, బల్బు ముందు పెట్టి, అతుకులు చూసుకోవడం నా అలవాటు. చివరి రీలు తిప్పుతుంటే పడవ మంచులోకి పోయింది. తర్వాత నీళ్లు. తర్వాత గెడలు పట్టుకుని వెతికే మనుషులు. వాళ్లకి ఆవిడ దొరుకుతుంది. జుట్టు ముందు కనిపిస్తుంది. ఒడ్డున పడుకోబెట్టి కప్పుతారు. ఎవరో ఆడమనిషి అరుస్తుంది, మాట వినపడదు. అంతే సినిమా.

పాప పోయి అప్పటికి మూడు వారాలు. కింద గేటు దగ్గర నువ్వు మెట్లు కడుగుతున్న చప్పుడు నాకు వినపడుతోంది. నేను ఓనరు దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన, నీ ఇష్టం, నాకేం చెప్పకు అన్నాడు. పడవ మంచులో కలిసేచోట కత్తిరించి, దానికి శుభం అన్న ముక్క అతికించాను. మిగిలింది డబ్బాలో పెట్టి, పెట్టె తిరిగి పంపేటప్పుడు మళ్లీ కలిపి పంపాను.

మొదటి రోజు బయట ఊళ్లో చూసివచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆపరేటర్ రూముకి వచ్చి, ముగింపు ఏమైందని నిలదీశారు. చెప్పాను. తలలు దించుకుని మెట్లు దిగిపోయారు. సాయంత్రానికి వీధంతా తెలిసింది. యాభై రోజులు ఒక్కడు కూడా నీ దగ్గర ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత కూడా. అన్నయ్యకి తెలుసు. నీకు తప్ప అందరికీ తెలుసు.

ఇంకొకటి ఉంది. దానివల్లే కాగితం పంపలేకపోయాను. ఒడ్డు లేదు వదినా. నేను కత్తిరించినదాంట్లో లేదు, వదిలినదాంట్లోనూ లేదు. పడవ మంచులోకి పోవడం వరకే నేను ఉంచాను. దిగడం, ఇసక, నాలుగు అడుగులు, వెనక్కి చూడడం, ఇవి ఏ రీల్లోనూ లేవు. అవి నీకు ఎక్కడ కనిపించాయో నాకు తెలియదు.

అబద్ధం రాయమంటే రాస్తాను. ఒకసారి చేసినవాణ్ణి, రెండోసారి చేయలేనా? ఒడ్డు ఉందని రాసి సంతకం పెడతాను. నువ్వు ఊఁ అను చాలు.

నీ మరిది


హాలు వెనక గది
నీ ఉత్తరం వచ్చిన పదకొండో రోజు

నీకు.

పది రోజులు టీచరమ్మని గుమ్మం తొక్కనివ్వలేదు. ఈ రోజు నేనే పిలిచాను.

పాప పోయిన సంగతి నాకు తెలియనిదా, నా దగ్గర దాచడానికి? కన్నది నేను. ఏం చూస్తే నేను చచ్చిపోతానో లెక్కలు కట్టడానికి మీరందరూ ఎవరు? నువ్వు, మీ అన్నయ్య, ఓనరు, వీధిలో టీ తాగే ప్రతివాడూ. ఎదురుపడితే నాకంటే ముందు పక్కకి తప్పుకునేవాళ్లు. గౌరవమనుకున్నాను. కత్తెర దాచుకుని నడిచారన్నమాట.

నువ్వు ఏం కత్తిరించావో నీకు తెలుసా? చీకట్లో, హాలు నిండా జనం ఆవిడ కోసం ఏడుస్తుంటే, వాళ్ల మధ్య నేను కూడా ఏడ్చేదాన్ని. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగని చోటు ఈ ప్రపంచంలో అదొక్కటే. ఆ చోటు నాకు లేకుండా చేశావు. పాప పోయాక నేను ఏడవలేదని ఈ ఊరు నన్ను రాయి అంది. మీ అమ్మ అంది. మీ అన్నయ్య నోటితో అనలేదు కానీ, మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు, పోయేదాకా అటే పడుకున్నాడు. రాయికి నీళ్లు రావు. వచ్చే దారి నువ్వు మూసి, పైన శుభం అని అతికించావు.

అయిందా. ఇక నా వంతు.

టీచరమ్మా, ఇది కూడా రాయి, కలం ఆపకు. నాకు చూపు లేదు మరిదీ. రెండేళ్ల పైమాటే. మొదట తెర అంచులు పోయాయి, తర్వాత మధ్యలో మనుషులు పోయారు. ఇప్పుడు వెలుతురు ఎటుందో తెలుస్తుంది, అంతే. పక్క ఊరి కళ్ల డాక్టరు, నరం ఎండిపోయింది, ఆపరేషనుకి లొంగదు అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. గది నుంచి హాలుకి ఇరవైరెండు అడుగులు, మూడు మెట్లు. హాల్లో నాకు తెలియని మూల లేదు. పాత సినిమాలే వేయమని ఎందుకు పోట్లాడేదాన్ననుకున్నావు? ముప్ఫై ఏళ్లు గేటు దగ్గర నిలబడి చూసినవి కనక. మాట వినపడగానే ఆ బొమ్మ నాకు లోపల కనపడేది. కనపడింది చెప్పాను. పడవ సినిమాలో లోపల ఒడ్డు కనపడింది. నాకది ఈ రోజుకీ కనపడుతోంది. నువ్వు లేదంటే అది పోదు.

కానీ ఆ నర్సు అన్న మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. నువ్వు నాకు చేసిందే నేను ఆ పద్నాలుగు మందికి చేశాను. నువ్వు జాలిపడి చేశావు, నేను రోషం కొద్దీ చేశాను. మైకు పోతుందని చేశాను. నీ పాపమే కాస్త మెరుగు.

సంతకం పెట్టకు. అబద్ధం రాశావో, టీచరమ్మ చేత నీ కూతురికి అంతా రాయిస్తాను. ప్రెసిడెంటు దగ్గరికి నేనే వెళ్లి చెబుతాను.

వేలిముద్ర


కూతురి ఇల్లు
ఆదివారం

వదినా,

కళ్ల సంగతి నాకెందుకు తట్టలేదో. నీ ఉత్తరాల్లో ఏడాదిగా రంగులు లేవు. ఇప్పుడు తీసి చూశాను.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు ఏమంటావో తెలుసు. కానీ అన్నయ్య గురించి ఒక మాట చెప్పాలి. కత్తిరించిన ముక్క డబ్బాలో ఉందని తెలిసి, రెండో వారం ఒక రోజు మార్నింగ్ షో లేనప్పుడు పైకి వచ్చాడు. చూపించమన్నాడు. వద్దన్నాను, వినలేదు. మిషను మీద ఎక్కించి, ఖాళీ హాల్లో, సౌండు లేకుండా వేశాను. అన్నయ్య చివరి బెంచీలో కూర్చున్నాడు. అయ్యాక మళ్లీ వేయమన్నాడు. నాలుగుసార్లు వేశాను. అన్నయ్య ఏడ్చిన చప్పుడు పైకి నాకు వినపడింది. నువ్వు అప్పుడు బయట పోస్టర్ల బల్ల తుడుస్తున్నావు.

నిన్ను పిలుద్దామని నేనన్నాను. వద్దు, అది నిలబడి ఉంది, నిలబడనీ అన్నాడు.

ఆ రోజు నేను కిందికి దిగి వచ్చి నిన్ను పిలవాల్సింది. పన్నెండు మెట్లు. అప్పుడు నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

ఆట ఎప్పుడో రాయించు. అమ్మాయిని అడిగి కారులో వస్తాను.

నీ మరిది


హాలు వెనక గది
ఆట అయిన మర్నాడు

మరిదికి.

ఆట ఎప్పుడో నీకు కావాలనే రాయించలేదు. నీ ముందు ఆ సినిమా వినడం నావల్ల కాదు. తర్వాత రా. వస్తే నీతో మాట్లాడతానో లేదో నాకే తెలియదు. మాట్లాడకపోయినా మంచం వేస్తాను.

మీ అన్నయ్య సంగతి చదివించుకుని ఆ రోజు ఇంకేం వినలేదు. నాలుగుసార్లు అన్నావు. నేను ఒక్కసారి కూడా లేను. దాని గురించి ఇంతకంటే రాయించను.

ప్రెసిడెంటుకి చెప్పాను. మందుల షాపులో, జనం ముందే. ఆయన ముందు నమ్మలేదు. కౌంటరు మీద ఏదో పెట్టి ఇదేమిటో చెప్పమన్నాడు. నీ తెలివి అన్నాను. తర్వాత బాధపడ్డాడు, సన్మానం చేస్తామన్నాడు. తప్పు చేసినదానికి శాలువా కప్పే ఊరు ఇదేనని చెప్పి వచ్చేశాను.

నిన్న పద్నాలుగు మందీ వచ్చారు. ఆట మొదలయ్యే ముందు నేనే మైకు తీసుకున్నాను. రెండేళ్లుగా నాకు చూపు లేదని, ఇన్నాళ్లూ జ్ఞాపకమున్నది చెప్పానని, లేని చోట కల్పించానని చెప్పాను. ఆ పద్నాలుగు మందిలో ఒకడు, హార్మోనియం మాస్టారు, "అయితే లెక్క పదిహేను అన్నమాట" అన్నాడు. కొందరు నవ్వారు. వెనక వరసలో ఒకావిడ లేచి కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయింది. నెలనెలా అందరికంటే ముందు వచ్చేది ఆవిడే. ఆ కర్ర చప్పుడు గేటు దాటేదాకా విన్నాను. మైకు నర్సు చేతిలో పెట్టి, వెళ్లి మేస్త్రీ పక్కన కూర్చున్నాను.

ఆ పిల్లకి చెప్పడం రాదు. జ్వరం చూసి చార్టులో రాసినట్టు చెబుతుంది. ఆమె ఎడమవైపు వెళ్లింది, అతను కుర్చీ జరిపాడు. ఎందుకు వెళ్లిందో, ఆ కుర్చీ చప్పుడులో కోపముందో లేదో ఆమెకి అక్కర్లేదు. నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది, పళ్లు బిగించి కూర్చున్నాను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆమె చెప్పింది తెరమీద ఉంటుంది.

పడవ దగ్గరికి వచ్చింది. తెడ్డు చప్పుడు వినపడుతోంది. పడవ మంచులోకి వెళుతోంది అంది. అక్కడ ఆగిపోయింది. నా కూతురి సంగతి ఆమెకి ఎవరో చెప్పినట్టున్నారు. టీచరమ్మే అయి ఉంటుంది, ఇప్పుడు తల ఎత్తడం లేదని నాకు ఊపిరిని బట్టి తెలుస్తోంది. హాల్లో నీళ్ల చప్పుడు ఒక్కటే. ఒక నిమిషం అలాగే పోయింది. ఆ నిమిషంలో నాకు నువ్వు కనిపించావు, బల్బు ముందు రీలు పట్టుకుని. ఆమె కూడా నీలాగే చేస్తోందని అర్థమైంది.

నేను కూర్చున్నచోటి నుంచే అన్నాను. "ఆపకమ్మా. ఉన్నది చెప్పు."

చెప్పింది. ఒక్కటి కూడా వదల్లేదు. గెడలు చెప్పింది, జుట్టు చెప్పింది, కప్పిన గుడ్డ చెప్పింది. ఆ అరిచిన ఆడమనిషి నోరు తెరిచి ఉందని, మాట లేదని చెప్పింది. వాళ్లకి ఆవిడ దొరుకుతుందని నువ్వు రాశావే, ఆ మాటే నేను పట్టుకున్నాను. దొరికింది. కప్పడానికి ఉంది. అది కూడా ఒక అదృష్టమేనని ఆ చీకట్లో తెలిసింది.

నేను ఏడ్చానో లేదో నీకు అనవసరం. ఆ చీకట్లో ఎవరూ నన్ను అడగలేదు.

ఆట అయింది. లైట్లు వేసినట్టున్నారు, కుర్చీలు ముడుచుకుంటున్న చప్పుళ్లు. మేస్త్రీ లేవలేదు. కోడలు వచ్చి పిలిస్తే ఉండమన్నాడు.

"అక్కా, ఒడ్డు లేదా అయితే?"

"లేదు మేస్త్రీ. నేనే కట్టాను."

ఊడ్చేవాళ్లు వచ్చి మా కాళ్ల చుట్టూ ఊడ్చుకుని వెళ్లారు. మమ్మల్ని ఎవరూ లేవమనలేదు.

వేలిముద్ర